జమైకా ఏడంగుళాల రికార్డులు: రాక్‌స్టెడీ, రెగే సింగిల్స్ ఏరుకునే పద్ధతి

చేతిలో ఏడంగుళాల ప్లేటు. నడుమ 38 మిల్లీమీటర్ల చిల్లు, అదీ సరిగ్గా నడుమ లేదు. లేబుల్ ఓ పక్కకి జరిగి అతుక్కుంది. దాని మీద పాత యజమాని పేరు బాల్‌పెన్నుతో. అచ్చయిన పాట పేరులో ఒక అక్షరం తప్పు, గాయకుడి పేరు ఇంకెవరిదో. కొలంబియా, హెచ్ఎంవీ ఈపీలు ఏరుకునే అలవాటున్నవాళ్లు ఇలాంటిది చూస్తే పక్కన పెట్టేస్తారు. 1967 నాటి, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వచ్చిన రికార్డు మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది. తళతళలాడుతూ, చిల్లు కచ్చితంగా నడుమన ఉండి, పేర్లన్నీ సరిగ్గా అచ్చయిన రాక్‌స్టెడీ (రెగేకి ముందు నడిచిన జమైకా సంగీతం) సింగిల్ కనబడితేనే ముందు అనుమానపడాలి.

ఈ ప్లేట్ల గుణదోషాలన్నీ అవి తయారైన తీరులోంచే వచ్చాయి. కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

కింగ్‌స్టన్ నుంచి లండన్ దాకా

కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్. ముగ్గురూ మొదట సౌండ్ సిస్టమ్ యజమానులు, ఆ తర్వాతే నిర్మాతలు. మన ఊళ్లలో జాతరకి మైక్ సెట్టు వచ్చినట్టు, కింగ్‌స్టన్ పేటల్లో నృత్యాలకి బీరువాలంత స్పీకర్లతో ఈ సిస్టమ్‌లు దిగేవి. ఎవరి దగ్గర కొత్త పాట ఉంటే జనం వాళ్ల వైపు. అందుకే పాట రికార్డయిన కొద్దిరోజులకే ప్లేటు కావాలి. లేబుల్ అచ్చయ్యేదాకా ఆగే ఓపిక లేకపోతే తెల్ల లేబుల్‌తోనే బయటికి వచ్చేది. ప్లాంటులో వేస్టు వినైల్ మళ్లీ కరిగించి వాడేవాళ్లు. గాడుల్లో కనబడే కాగితం తునకలు, బుడిపెలు అక్కడివే.

డాడ్ తన స్టూడియో వన్‌ని 1963లో బ్రెంట్‌ఫర్డ్ రోడ్డు 13వ నంబరులో తెరిచాడు. రీడ్ తన ట్రెజర్ ఐల్ స్టూడియోని బాండ్ స్ట్రీట్‌లోని సొంత మద్యం దుకాణం మేడ మీద నడిపాడు. అప్పటిదాకా నడిచిన నృత్య సంగీతం స్కా వేగం తగ్గి, బాసు గిటారు ముందుకొచ్చి, 1966 చివర్లో రాక్‌స్టెడీ మొదలైంది. 1968 నడుమకల్లా అది రెగేగా మారిపోయింది. రెండేళ్లు కూడా నిండని కాలమే అయినా వేటగాళ్ల కన్ను ఎక్కువగా దాని మీదే. ట్రెజర్ ఐల్‌లో టామీ మెకూక్ బృందం సూపర్‌సానిక్స్, గాయకుల్లో ఆల్టన్ ఎల్లిస్, పారగాన్స్, టెక్నిక్స్. స్టూడియో వన్‌లో జాకీ మిట్టూ ఆర్గన్, హెప్టోన్స్ గొంతులు. చాలా స్టూడియోల్లో ట్రినిడాడ్ నుంచి వచ్చిన లిన్ టైట్ గిటారు. వీళ్లతోపాటు లెస్లీ కాంగ్ (బెవర్లీస్ లేబుల్), సోనియా పాటింజర్ (గే ఫీట్, టిప్ టాప్, తర్వాత హై నోట్), జో గిబ్స్ (అమాల్గమేటెడ్), బనీ లీ, డెరిక్ హారియట్. ఈ పేర్లు నోటికి వచ్చేస్తే సగం లేబుళ్లు చదవడం వచ్చినట్టే.

అదే పాటలు ఇంగ్లండ్‌లోనూ వచ్చాయి. అక్కడ స్థిరపడిన జమైకన్ల కోసం బ్లూ బీట్, ఐలండ్, డాక్టర్ బర్డ్, తర్వాత ట్రోజన్, పామా సంస్థలు, వాటికి డజన్లకొద్దీ ఉపలేబుళ్లు. వినైల్ మెరుగ్గా ఉంటుంది, చప్పుడు తక్కువ, లేబుల్ మీద వరుస నంబరు ఉంటుంది కాబట్టి కాలం తేల్చడం తేలిక. డ్యూక్ రీడ్ పాటలకి ఇంగ్లండ్ ట్రెజర్ ఐల్ వరుస టీ.ఐ. 7000ల్లో, డాడ్ పాటలకి కాక్సన్ వరుస సీ.ఎస్. 7000ల్లో, స్టూడియో వన్ వరుస ఎస్.ఓ. 2000ల్లో నడుస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

అన్నీ కొందామనుకుంటే ఆర్నెల్లలో డబ్బూ ఓపికా అయిపోతాయి. ఒక మూల పట్టుకోండి. ఒకే నిర్మాత కావచ్చు, ఒకే గాత్ర బృందం కావచ్చు. మా ఓటు మాత్రం రిదమ్‌కి. జమైకాలో ఒక బాసు-డ్రమ్ము వరసని రిదమ్ అంటారు. దాని మీద పదుల కొద్దీ పాటలు, వాయిద్య ముక్కలు, డీజేల (వరస మీద లయగా మాట్లాడేవాళ్ల) మాటలు వస్తాయి. స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించిన ‘రియల్ రాక్’ వరస మీద వచ్చినవి ఏరడం మొదలుపెడితే ఒక్క పెట్టె చాలదు. ఒకే బాణీని పదిమంది ఎలా మలుచుకున్నారో పక్కపక్కనే వినడంతో చెవి త్వరగా తయారవుతుంది. ఏది 1968 నాటి మోత, ఏది 1975 నాటి మోత అన్నది పుస్తకం చూడకుండానే తెలుస్తుంది.

మొదటి పది రికార్డులు చవకవే కొనండి. డెస్మండ్ డెకర్ ‘ఇజ్రలైట్స్’ 1969లో, డేవ్ అండ్ ఆన్సెల్ కాలిన్స్ ‘డబుల్ బ్యారెల్’ 1971లో ఇంగ్లండ్ చార్టుల్లో ఒకటో స్థానానికి వెళ్లాయి. అప్పుడు గుట్టలుగా అమ్ముడయ్యాయి కాబట్టి ఆ ఇంగ్లిష్ ముద్రణలు ఇప్పటికీ దొరుకుతాయి. వీటి మీద కడగడం, వాయించడం, గీతలు చూడటం నేర్చుకోండి. ఖరీదైన ప్లేటు మీద తప్పు చేస్తే తిరిగిరాదు.

ఇంకో మాట. 1970లు, 80లలో కింగ్‌స్టన్‌లోనే మళ్లీ వేసిన స్టూడియో వన్, ట్రెజర్ ఐల్ సింగిల్స్‌ని చిన్నచూపు చూడకండి. వినడానికి చాలాసార్లు అవి అరిగిపోయిన అసలు ముద్రణ కంటే మేలు. కొన్నింట్లో మాత్రం డాడ్ పాత ట్రాకుల మీద తర్వాత వాయిద్యాలు ఎక్కించాడు. అసలు పాట మనసులో పెట్టుకుని కొంటే నిరాశ తప్పదు. ముందు ఆడియో వినండి.

ఇది ఏ ముద్రణ? తేల్చే క్రమం

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అమ్మేవాళ్లు ‘ఒరిజినల్’ అన్న మాట ఉప్పులా చల్లుతారు. కింది క్రమంలో చూడండి. ఒక్క ఆధారంతో తేల్చకండి, కనీసం మూడు కలవాలి.

1. రెండో వైపు తిప్పండి. అన్నిటికన్నా ముందు ఇదే. 1967 నాటి సింగిల్‌కి రెండో వైపు వేరే పాటో, వాయిద్య ముక్కో ఉంటుంది. ఎన్నోసార్లు అది వేరే గాయకుడిది. అదే పాటని గొంతు తీసేసి వేసే ‘వర్షన్’ 1970, 71 కల్లా వాడుకయింది. కాబట్టి 1967 పాటకి రెండో వైపు ‘వర్షన్’ అని ఉంటే ఆ ప్లేటు 1970లలోనో ఆ తర్వాతో నొక్కింది. ఈ ఒక్క సూత్రంతోనే ‘ఒరిజినల్ రాక్‌స్టెడీ’ అని అమ్మేవాటిలో చాలా భాగం జల్లెడ పడిపోతాయి. అలాగే ట్రెజర్ ఐల్ ప్లేటు మీద డీజే యూ రాయ్ పేరు కనబడితే, వెనక మోగేది రాక్‌స్టెడీ వరసే అయినా, ప్లేటు 1970 కంటే ముందుది కాదు. డ్యూక్ రీడ్ పాత ట్రాకుల మీద ఆయన మాట కలిపింది అప్పుడే.

2. లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. పాట పేరు, గాయకుడి పేరు తర్వాత చూడొచ్చు. తయారీదారు, పంపిణీదారు, చిరునామా ముందు. వెస్టిండీస్ రికార్డ్స్ ప్లాంటు 1960ల చివర బైరన్ లీ చేతికి వచ్చి డైనమిక్ సౌండ్స్ అయింది. అంటే రాక్‌స్టెడీ పాట మీద డైనమిక్ పేరుంటే అది తర్వాతి ముద్రణ. సోనిక్ సౌండ్స్ పేరుంటే ఇంకా ఆలస్యం, 1970ల చివర నుంచి. మార్కస్ గార్వీ డ్రైవ్ 220 చిరునామాతో టఫ్ గాంగ్ పేరుంటే 1981 తర్వాతది, ఎందుకంటే అంతకుముందు అక్కడున్నది కెన్ ఖౌరీ గారి ఫెడరల్. డ్యూక్ రీడ్ పోయాక ఆయన పాటల హక్కులు సోనియా పాటింజర్ దగ్గరికి చేరాయి. ట్రెజర్ ఐల్ లేబుల్ మీద ఆమె పేరో హై నోట్ పేరో కనబడితే అదీ తర్వాతిదే.

3. పాట అయిపోయాక, లేబుల్‌కి ముందుండే నున్నటి పట్టీ చూడండి. సేకరణదారులు దీన్ని డెడ్ వాక్స్ అంటారు. అక్కడ చేత్తో గీసిన సంఖ్య, అక్షరాలు ఉంటాయి, అదే మాట్రిక్స్. జమైకా ప్లేట్లలో అది సన్నగా, గోరుతో గీకినట్టు ఉంటుంది. గదిలో లైటు ఆర్పి, టార్చిని ప్లేటుకి దాదాపు సమాంతరంగా పట్టుకుని మెల్లగా తిప్పండి. అక్షరం నీడ పడి లేస్తుంది. ఫోన్‌తో అదే కోణంలో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. వెస్టిండీస్ ప్లాంటులో నొక్కినవాటికి ‘డబ్ల్యూఐఆర్ఎల్’ అన్న నాలుగక్షరాలు, డైనమిక్ అయ్యాక ‘డైనా’ అని కనబడతాయి. పక్కన నిర్మాత పేరులోని మొదటి అక్షరాలు ఉండొచ్చు: డ్యూక్ రీడ్‌కి డి, ఆర్; బనీ లీకి బి, ఎల్; లీ పెర్రీకి ఎల్, పి.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఆ పాటని గాడులుగా కోసిన అసలు అచ్చు (మాస్టర్) ఏదో మాట్రిక్స్ చెబుతుంది. ప్లేటు ఎప్పుడు నొక్కారో చెప్పదు. 1967లో చేసిన అచ్చు దిమ్మనే పదేళ్ల తర్వాత కూడా వాడారు, కాబట్టి అసలు ముద్రణకీ 1978 ముద్రణకీ అదే గీత ఉండొచ్చు. మాట్రిక్స్‌తో పాట ఏదో తేల్చుకోవాలి, లేబుల్‌తో, రెండో వైపుతో కాలం తేల్చుకోవాలి. లేబుల్ ఒకటి, పాట ఇంకొకటి అయిన ప్లేట్ల విషయంలో మాట్రిక్సే దిక్కు. ప్లాంటులో చేతికందిన లేబుల్ వేసేసిన సందర్భాలు కొల్లలు. రెండు లేబుళ్లు తారుమారుగా పడటం అయితే రోజువారీ వ్యవహారం. పాట విని, మాట్రిక్స్ చూసి, అప్పుడే పేరు రాసుకోవాలి.

4. ప్లేటుని చేత్తో చూడండి. అంచు పట్టుకుని మెల్లగా వంచినట్టు చేస్తే 60ల ప్లేటు బిర్రుగా, మందంగా ఉంటుంది; 70ల చివరా 80లలోవి పల్చగా, కాస్త ఊగినట్టుంటాయి. దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోకండి. చిల్లు అంచులు గరుకుగా ఉండటం జమైకాకి మామూలే.

5. ‘స్టీరియో’ అన్న మాట, బార్‌కోడు, వెబ్‌సైటు చిరునామా రాక్‌స్టెడీ ప్లేటు మీద ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, అది తర్వాతి ముద్రణే.

తెల్ల లేబుళ్ల సంగతి వేరు. వీటిని ‘బ్లాంక్’ అంటారు. కొన్నింటి మీద రబ్బరు స్టాంపు, కొన్నింటి మీద పెన్నుతో పేరు, కొన్నింటి మీద ఏమీ ఉండదు. అచ్చు లేబుల్‌కి ముందే దుకాణాలకీ సౌండ్ సిస్టమ్‌లకీ ఇచ్చిన తొలి ప్రతులు ఇలాగే ఉండేవి. తర్వాత లేబుళ్లు అయిపోయినప్పుడు నొక్కినవీ ఇలాగే ఉంటాయి. స్టాంపు అసలుదేనని కంటితో నమ్మించడం తేలిక, ఎందుకంటే స్టాంపు ఎవరైనా చేయించుకోవచ్చు. బ్లాంక్ కొనేటప్పుడు స్టాంపుకి డబ్బివ్వకండి. మాట్రిక్స్‌కీ మోతకీ ఇవ్వండి.

దొంగ ప్రతులు దొరికిపోయే చోట్లు మూడు. లేబుల్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తారు కాబట్టి అక్షరాల అంచులు మసకగా, భూతద్దంలో చుక్కలుగా కనబడతాయి. మాస్టరు టేపు లేక పాత ప్లేటు నుంచే కోస్తారు కాబట్టి పాట మొదలవకముందు ఉండాల్సిన నిశ్శబ్దంలో వేరే ప్లేటు చిటపటలు వినబడతాయి. ముల్లు అంచు మీద దిగి ఇంకా పాట గాడిలోకి రాకముందే చిటపట వినబడితే అది ఆ ప్లేటుదే. పాట గాడిలోకి వచ్చాకే మొదలైతే అది అచ్చులోనే ఉండొచ్చు. మూడోది, కొత్త యూరప్ ప్లాంట్ల డెడ్ వాక్స్‌లో యంత్రం కొట్టిన చదునైన అంకెలు. చట్టబద్ధంగా, మంచి టేపుల నుంచి కొత్తగా వేస్తున్న సంస్థలూ ఉన్నాయి. అవి తమ పేరు లేబుల్ మీదే వేసుకుంటాయి, వినడానికి బాగుంటాయి. కొనండి, పాతవాటి ధర మాత్రం ఇవ్వకండి.

పరిస్థితిని అంచనా వేయడం

అమ్మేవాళ్లు వాడే గ్రేడులు కింది నుంచి పైకి జి (గుడ్), విజి (వెరీ గుడ్), విజి ప్లస్, నియర్ మింట్ (దాదాపు కొత్తది). మామూలు రాక్ రికార్డులకి విజి అంటే ముఖం చిట్లిస్తారు. జమైకా 60ల ప్లేటుకి నిజమైన విజి అంటే మంచి ప్లేటే. విజి ప్లస్ అరుదు. చూసి గ్రేడు చేశారా, వాయించి చేశారా అన్నది ముఖ్యం. వినైల్‌లోనే చెత్త ఉన్న ప్లేటు చూపుకి మెరిసినా చప్పుడు చేస్తుంది. పైన సన్నగీతలు అల్లుకున్న ప్లేటు ఒక్కోసారి హాయిగా మోగుతుంది.

వాయించేటప్పుడు మొదటి ఇరవై సెకన్లు చెవి పెట్టి వినండి. సౌండ్ సిస్టమ్‌లో జనం కేకలేస్తే ప్లేట్లు వేసేవాడు పాట ఆపేసి, ముల్లు ఎత్తి, మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. ఒక్క రాత్రిలో నాలుగైదుసార్లు. అందుకే ఈ ప్లేట్లలో తొలి గాడులు మిగతావాటికన్నా ముందే అరుగుతాయి. మొదట్లో బూడిద రంగు పట్టీలా కనబడి ‘స్స్’ మని మోగితే అదే కారణం. తర్వాత చివరి ముప్పై సెకన్లు వినండి. లోపలి గాడుల్లో మోత ఇరుకుగా కోసి ఉంటుంది కాబట్టి బరువైన ముల్లు వాటిని ముందు చీలుస్తుంది. గొంతు ‘స’ అక్షరం దగ్గర చిరిగినట్టు వస్తుంది. రాక్‌స్టెడీలో బాసు పెద్దది కనుక మధ్యలో బాసు మోత దగ్గర గరగర వస్తుందేమో చూడండి. గరగర గాడి అరుగుదల. కడిగితే పోదు. చిటపట దుమ్ము కావచ్చు. కడిగితే పోవచ్చు.

గీతని గోరుతో మెల్లగా దాటండి. గోరుకి తగలకపోతే ముల్లుకీ చాలావరకు తగలదు. తగిలితే ‘టక్, టక్’ తప్పదు. 45 వేగంలో ఆ టక్కులు ఎన్నిసార్లు వస్తాయో అమ్మేవాళ్లని అడగండి.

వంకర: ప్లేటుని కంటి ఎత్తులో తిప్పి చూడండి. గిన్నెలా మెల్లగా వంగినది దాదాపు ఎప్పుడూ మోగుతుంది. అంచులో ఒక్క చోట చిన్న అలలా లేచినది ముల్లుని గాల్లోకి ఎగరేస్తుంది, అదీ సరిగ్గా పాట మొదట్లో.

పెన్నుతో రాసిన పేర్లు, ‘ఎక్స్’ గుర్తులు, చిరిగిన లేబుల్ ధర తగ్గిస్తాయి, పాటని కాదు. బేరానికి ఇవే మంచి పట్టు. కవరు కోసం అదనంగా ఏమీ ఇవ్వకండి. జమైకా సింగిల్స్‌కి బొమ్మల కవర్లు ఉండేవే కావు, సాదా కాగితం సంచీలే. ఇంగ్లండ్ ప్లేట్లకి సంస్థ పేరున్న కవర్లుంటాయి. ప్లేటు నడిమి ముక్క ఊడదీయకుండా ఉంటే కొంచెం ఎక్కువ ఇస్తారు.

ఒక హెచ్చరిక: సౌండ్ ఇంజనీరు కింగ్ టబ్బీ లాంటివాళ్లు సౌండ్ సిస్టమ్‌ల కోసం కోసిన డబ్‌ప్లేట్లు వినైల్ కావు. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ పూత. చిల్లు అంచులో తెల్లని లోహం కనబడుతుంది, బరువు ఎక్కువ. కొన్ని పదుల సార్లు వాయిస్తే మోత పోతుంది. వాటికి ఆల్కహాలు తగలనివ్వకండి, పూత పాడవుతుంది. 50ల మెంటో పాటల 78 వేగం లక్క ప్లేట్లకీ ఇదే నియమం.

కొనడం, తెప్పించడం

ధర తెలుసుకోవడానికి డిస్కాగ్స్ వెబ్‌సైటులో అమ్ముడైన ధరలు, పాప్‌సైక్ వెబ్‌సైటులో పాత వేలాల ధరలు చూడండి. అడుగుతున్న ధర కాదు, ఇచ్చిన ధర చూడాలి. రెండింటి మధ్య నాలుగింతల తేడా ఉంటే ఆశ్చర్యపోవద్దు. డిస్కాగ్స్‌లో ఒక పాటకి పది ముద్రణలుంటాయి. మీరు చూస్తున్న పేజీ మీ ప్లేటుదేనా అన్నది పైన చెప్పిన క్రమంలో సరిచూసుకోండి. అక్కడ ఇచ్చిన సంవత్సరం చాలాసార్లు పాట వచ్చిన సంవత్సరం, ప్లేటు నొక్కిన సంవత్సరం కాదు.

అమ్మేవాళ్లని అడగాల్సినవి ఐదే: రెండు లేబుళ్ల ఫొటో, డెడ్ వాక్స్ ఫొటో, మొదటి ముప్పై సెకన్ల ఆడియో, చిల్లు పక్కకి జరిగి ఉందా, ముల్లు ఎక్కడైనా దూకుతోందా. సమాధానం తప్పించుకుంటే ఆ ప్లేటు వదిలేయండి. ఇంకోటి వస్తుంది.

లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న తెలుగువాళ్లకి ఇది కాస్త తేలిక. జమైకన్లు స్థిరపడ్డ పేటల్లో పాత దుకాణాలు, రికార్డు సంతలు ఉంటాయి, ప్లేటు చేత్తో పట్టుకుని చూడొచ్చు. హైదరాబాద్‌కో విశాఖకో తెప్పించుకునేవాళ్లు పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ కలిపి లెక్క వేసుకోవాలి. రేట్లు మారుతుంటాయి, ఆర్డరుకి ముందు చూసుకోండి. ఒక్కో ప్లేటు దాదాపు 40 గ్రాములే కాబట్టి ఒకే అమ్మకందారు దగ్గర ఎనిమిది పది కలిపి తెప్పిస్తే ఒక్కోదానికి పోస్టు ఖర్చు బాగా తగ్గుతుంది. ప్యాకింగ్ గురించి స్పష్టంగా చెప్పండి: రెండు వైపులా అట్టలు, వాటి ముడతలు ఒకదానివి అడ్డంగా ఇంకోదానివి నిలువుగా, ప్లేట్లు కదలకుండా టేపు. వచ్చిన పార్సిల్ మే నెల ఎండలో గేటు దగ్గర పడి ఉండకుండా చూసుకోండి. వినైల్‌కి 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలు; విజయవాడ ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ పని సునాయాసంగా చేసేస్తుంది.

కడగడం

కొత్తగా వచ్చిన ప్రతి ప్లేటునీ వాయించకముందే కడగాలి. మురికి ప్లేటు మీద ముల్లు తిప్పితే ఆ ఇసుకని గాడి గోడలకి రుద్దినట్టే.

ద్రావణం ఒక లీటరుకి: డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., రంగూ వాసనా లేని ద్రవ సబ్బు రెండు చుక్కలు. సబ్బు ఎక్కువైతే గాడిలో పొరగా మిగిలి చప్పుడు పెంచుతుంది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. ఆరాక తెల్లగా మిగిలే ఉప్పు సూక్ష్మంగా గాడిలోనూ మిగులుతుంది.

లేబుల్ని తడవనివ్వకండి. జమైకా లేబుళ్ల సిరా, స్టాంపు సిరా, పెన్ను రాత ఆల్కహాలు తగిలితే పారిపోతాయి. లేబుల్‌కి సరిపోయే ప్లాస్టిక్ మూత రెండు వైపులా అదిమి పట్టుకోండి. మెత్తటి బ్రష్షుతో ద్రావణం పూసి, ఒక నిమిషం నాననిచ్చి, గాడుల వెంట వంపుగా పది పదిహేను చుట్లు రుద్దండి. అడ్డంగా రుద్దకండి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, రెండో శుభ్రమైన గుడ్డతో తుడిచి, నిలబెట్టి ఆరబెట్టండి. అరగంట చాలు. బూజు పట్టిన ప్లేటైతే ముందు ఇంటి బయట పొడి బ్రష్షుతో దులపండి, ఇంట్లో దులిపితే మిగతావాటికి అంటుకుంటుంది. పాత కాగితం సంచీ పారేయండి.

వంకర తీయడానికి ఓవెన్‌లో పెట్టే పద్ధతుల జోలికి వెళ్లకండి, వంకరతోపాటు గాడీ పోతుంది. 6 మి.మీ. గాజు పలకలు రెండు తీసుకుని, కడిగి ఆరిన ప్లేటుని మధ్యలో పెట్టి, పైన ఐదు కిలోల బరువు ఉంచి రెండు మూడు వారాలు ఆగండి. గిన్నె వంపు తగ్గుతుంది. అంచు అలకి ఇది పెద్దగా పనిచేయదు.

వాయించడం

60ల జమైకా సింగిల్స్ మోనో. మోనో గాడిలో పాటంతా అడ్డకదలికలోనే ఉంటుంది. పైకీ కిందకీ ఉన్న కదలిక అంతా చెత్త, అరుగుదల. యాంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కితే ఆ నిలువు చప్పుడు రద్దయిపోతుంది. సగం చిటపట అక్కడే తగ్గడం చూసి చాలామంది ముందు నమ్మరు.

ముల్లు గుండ్రటి మొన ఉన్నదే మేలు. ఆడియో-టెక్నికా వీఎం95సీ లాంటిది 2 గ్రాముల దగ్గర, చవకైన 3600ఎల్ అయితే 3 గ్రాముల దగ్గర పెట్టండి. సన్నటి దీర్ఘవృత్తపు ముల్లు శుభ్రమైన ప్లేట్లకి బాగుంటుంది. జమైకా ప్లేటు మీద ప్రతి కాగితం తునకనీ చదివి వినిపిస్తుంది. స్పీకర్లు టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీదే పెట్టకండి. ఆ బాసుకి బల్ల ఊగుతుంది, ఊగితే ముల్లు ఊగుతుంది, మొత్తం హోరున మోగుతుంది.

పెద్ద చిల్లు వల్ల ఒక లాభం ఉంది. చిల్లు పక్కకి జరిగిన ప్లేటులో స్వరం తూగుతుంది, ముఖ్యంగా ఆర్గన్, పొడుగు గొంతుల దగ్గర. పెద్ద చిల్లులో పెట్టే అడాప్టరు తీసేయండి. రబ్బరు మ్యాట్ మీద ప్లేటుని కంటి అంచనాతో పెట్టి, ముల్లు దించి, ముల్లుండే చెయ్యి (టోన్‌ఆర్మ్) పక్కలకి ఊగడం చూడండి. ముల్లు బయటి వైపుకి పోయిన క్షణంలో, అదే వైపున ఉన్న అంచు ఎక్కడో గుర్తుపెట్టుకోండి. టేబుల్ ఆపి, ముల్లు ఎత్తి, ఆ చోటునుంచి ప్లేటుని మధ్యకి ఒక మిల్లీమీటరు తోయండి. మళ్లీ చూడండి. నాలుగైదు తోపులకి ఊపు ఆగుతుంది, పాట నిలబడుతుంది. చిన్న చిల్లున్న ఇంగ్లండ్ ప్లేటుకి ఈ వీలు లేదు.

దాచడం, రాసుకోవడం

నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. లోపల పాలిథిన్ సంచీ, బయట మందపు కాగితం. పీవీసీ కవర్లు ఏళ్లు గడిచేకొద్దీ ప్లేటు మీద పొగలాంటి మరక వదులుతాయి. కోస్తా గాలి తేమకి సిలికా జెల్ సంచులు పెట్టెలో వేసి, రంగు మారినప్పుడు మార్చండి. వంద ప్లేట్లు కవర్లతో కలిపి దాదాపు ఐదు కిలోలు; చెక్క అర లోతుగా, గోడకి ఆనకుండా ఉండాలి, చెదలు ముందు కాగితం సంచీల మీదకే వస్తాయి.

ఒక నోటుబుక్కో స్ప్రెడ్‌షీటో పెట్టుకోండి. రెండు వైపుల మాట్రిక్స్, లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టుగా, అక్షరదోషాలతో సహా, తయారీదారు పేరు, రెండో వైపు ఏముంది, మీరు వాయించి ఇచ్చిన గ్రేడు, ఎక్కడ టక్కుమంటుంది, ఎంతకి కొన్నారు, పోస్టు, సుంకంతో కలిపి. ఇవన్నీ పెన్నుతో రాయండి. గాయకుడి పేరు మాత్రం పెన్సిల్‌తో రాయండి, అది మారుతుంది.